ఇంట్లో అందరూ కలిసి చూడదగ్గవి ఏవి? క్యాబిన్‌లో ఇరవై ఎనిమిదేళ్లు ఉన్నవాడి జవాబు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇంట్లో రిటైరైన నాన్నగారు, సాయంత్రమైతే సీరియళ్లు వదలని అమ్మగారు, తొమ్మిదో తరగతి పాప ఉన్నారన్నారు. గత రెండు మూడేళ్లలో వచ్చిన తెలుగు సినిమాలు, సిరీస్‌లలో ఏవి నిజంగా బాగున్నాయి, రివ్యూలన్నీ ఒకేలా పొగుడుతుంటే ఎవరిని నమ్మాలి అని అడిగారు. నేను రివ్యూలు రాసేవాణ్ణి కాదు. మిర్యాలగూడ వైపు ఒక సింగిల్ స్క్రీన్ హాల్లో 1992 నుంచి 2020 దాకా ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేశాను. కరోనాకు హాలు మూతపడింది, ఇప్పుడది ఫంక్షన్ హాలు. ఆ పని నేర్పిన దాన్నిబట్టి నాకు అనిపించింది ఉన్నదున్నట్టు చెబుతాను.

ఆపరేటర్‌కు ఒక సౌకర్యం ఉంటుంది, బయటివాళ్లకు అది తెలియదు. రోజుకు నాలుగు ఆటలు, ఒక సినిమా ఆడితే వందసార్లు చూడాల్సి వస్తుంది. పది ఆటల తర్వాత తెర మీద చూడ్డానికి ఏమీ మిగలదు. అప్పుడు క్యాబిన్ అద్దంలోంచి జనాన్ని చూస్తాం. వెనకనుంచి తలలు, భుజాలు మాత్రమే కనిపిస్తాయి. ఏ సీనులో భుజాలు కదలకుండా బిగుసుకుంటాయో, ఏ సీనుకు పక్కకు తిరిగి మాట్లాడుకుంటారో తెలిసిపోతుంది. అన్నిటికంటే నిజం చెప్పేది పక్క తలుపు. కథ పట్టు తప్పితే ఎవడో ఒకడు బీడీ కోసం లేస్తాడు, తలుపు తెరుచుకుని తెల్లటి వెలుతురు చీలిక లోపల పడుతుంది. ఏ సినిమాకు ఏ రీలు దగ్గర ఆ వెలుతురు పడుతుందో నేను ముందే చెప్పగలిగేవాణ్ణి. ఇప్పుడు ఇంట్లో చూస్తున్నా అదే అలవాటు. ఇక్కడ తలుపు వెలుతురు ఉండదు, చేతిలో ఫోన్ వెలుతురు ఉంటుంది. మా ఇంట్లో ఎవరి ఫోన్ ఎప్పుడు వెలిగిందో చూస్తాను, నా రివ్యూ అదే.

అన్నేళ్లు చూసి నేను తెలుసుకున్న సంగతి ఒకటుంది. జనాన్ని కుర్చీలో కట్టిపడేసేది చాలాసార్లు చాలా చిన్న వస్తువు. ఒక తాళిబొట్టు, ఒక ఉత్తరం, ఒక బాకీ, ఒక మాట. చూసేవాడు తన ఇంట్లోంచి గుర్తుపట్టగలిగే వస్తువు అయితే చాలు, దాని మీద ఎంత పెద్ద కథైనా మోయొచ్చు. ఆ వస్తువు లేకుండా ఎన్ని కోట్ల సెట్టు వేసినా తలుపు తెరుచుకుంటూనే ఉంటుంది. ఈ మధ్య చూసినవన్నీ నేను ఈ లెక్కలోనే చెబుతాను.

మొదట బలగం. 2023 మార్చిలో వచ్చింది, కొంచెం పాతదే, అయినా దీంతోనే మొదలుపెట్టాలి. జబర్దస్త్‌లో నవ్వించిన వేణు ఎల్దండి తీసిన మొదటి సినిమా. కథంతా ఒక నల్లి బొక్క, అంటే మూలుగ ఉన్న ఎముక ముక్క, మీద నిలబడింది. ఎప్పుడో భోజనాల దగ్గర ముక్క కోసం బావకు, బామ్మర్దికి మాటామాటా పెరిగింది. అంతే, ఏళ్ల తరబడి ఆడబిడ్డ పుట్టింటి గడప తొక్కలేదు. చివరికి పెద్దాయన కొమురయ్య చచ్చిపోయాక గాని రాలేదు. పిట్టకు పెడితే పిట్ట ముట్టడం లేదు. అది ముట్టకపోతే ఇంటికి అరిష్టమని ఊరంతా చెవులు కొరుక్కుంటోంది.

మా వైపు పదకొండు రోజుల్లో ఎన్నిళ్లల్లో ఇదే జరిగిందో నాకు తెలుసు. శవం ఇంట్లో ఉండగానే కుర్చీ వేయలేదని అలిగిన అల్లుళ్లను చూశాను. అందుకే ఆ సినిమా చూస్తుంటే నటులు కనిపించలేదు. ప్రియదర్శి చేసిన సాయిలు పాత్ర నాకు చాలా నచ్చింది, ఎందుకంటే వాడు మంచివాడు కాదు. అప్పుల్లో మునిగి కట్నం డబ్బు మీద ఆశ పెట్టుకున్నవాడు. తాత చావు వాడికి మొదట దుఃఖం కాదు, నిశ్చితార్థానికి అడ్డం. అలాంటి కుర్రాణ్ణి హీరోగా పెట్టి, చివరికి వాడికి తాత ఎవరో తెలిసేలా చేయడం పెద్ద రచయితలకు కూడా కష్టం. కొమురయ్యగా కేతిరి సుధాకర్ రెడ్డి గారు తెర మీద ఉండేది కొద్దిసేపే. అయినా ఆ నవ్వు సినిమా అయిపోయేదాకా మన వెంట ఉంటుంది.

చివర్లో బుడగ జంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ పాడే పాట గురించి ఒక్క మాట. చావు ఇంట్లో బుడగ జంగాలు వచ్చి చనిపోయినవాళ్ల కథ పాడి ఇంటిల్లిపాదినీ ఏడిపించడం మా చిన్నప్పుడు చూసిందే. సినిమా దాన్ని అలంకారంగా వాడలేదు, కథ ముడి విప్పే పని దానికే అప్పగించింది. ఆ మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశాడు. ఇదే సినిమాలో ఊరు గురించి రాసిన పాటకు కాసర్ల శ్యామ్‌కు 2023 సంవత్సరపు జాతీయ అవార్డు వచ్చింది. తెలంగాణ పల్లెల్లో తెర కట్టి ఊరంతా కూర్చుని దీన్ని చూశారు. చూశాక విడిపోయిన అన్నదమ్ములు కలిశారని పేపర్లలో కూడా వచ్చింది. నేను చిన్నప్పుడు చూసిన టూరింగ్ టాకీసు రోజుల తర్వాత నేల మీద కూర్చుని ఊరు ఊరంతా ఒక సినిమా చూడటం మళ్లీ అప్పుడే విన్నాను. మా అమ్మకు ఎనభై దాటాయి. సినిమా అయ్యాక పది నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాళ్ల తమ్ముడికి ఫోన్ కలపమంది.

లోపం లేదా అంటే ఉంది. మధ్యలో సాయిలు, మేనత్త కూతురి ప్రేమ భాగం కాస్త తొందరగా తేల్చేశారు. ఆ అమ్మాయి మనసులో ఏముందో మనకు పూర్తిగా తెలియదు. మా ఇంట్లో ఒకటి రెండు ఫోన్లు అక్కడే వెలిగాయి.

రెండోది 35 - చిన్న కథ కాదు. 2024 సెప్టెంబరులో వచ్చింది, నందకిశోర్ ఈమాని తీశారు. దీనిలో చిన్న వస్తువు సున్నా అనే అంకె. తిరుపతిలో ఒక బస్ కండక్టరు కొడుక్కి లెక్కలు రావు. రాకపోవడానికి కారణం మొద్దుతనం కాదు, ఒక అనుమానం. విలువే లేని సున్నా ఒకటి పక్కన చేరగానే తొమ్మిది కంటే పెద్దది ఎలా అయిపోతుంది? ఇది అడిగినందుకు బళ్లో వెనక బెంచీకి పోతాడు. లెక్కల మాస్టారు వాణ్ణి జీరో అని పిలుస్తాడు. టెన్త్ తప్పిన తల్లి మళ్లీ పుస్తకం పట్టి, తాను నేర్చుకుని వాడికి నేర్పుతుంది. పాస్ మార్కు 35. సినిమా అంతా ఆ అంకె కోసమే.

మీ పాప తొమ్మిదో తరగతి అన్నారు కాబట్టి దీని గురించి ఇంకొంచెం చెబుతాను. మన ఇళ్లల్లో పిల్లలు ప్రశ్న అడిగితే "ముందు సిలబస్ చదువు" అంటాం. నేను కూడా మా వాడితో అన్నాను. ఈ సినిమాలో మాస్టారిని దుర్మార్గుడిగా చూపించలేదు, క్రమశిక్షణ అంటే ఇదే అని నమ్మిన మనిషిగా చూపించారు. ప్రియదర్శి ఆ పాత్ర చేశాడు. బలగంలో సాయిలుగా చూసినవాణ్ణి ఇక్కడ గుర్తుపట్టడానికి నాకు కొంతసేపు పట్టింది. నివేదా థామస్ తల్లిగా చేసిన తీరు చూస్తే, ఇద్దరు పిల్లల తల్లి పాత్ర అంటే వెనక్కి తగ్గే హీరోయిన్లు ఇది చూడాలనిపించింది. తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన గద్దర్ అవార్డుల్లో ఆమెకు ఉత్తమ నటి వచ్చింది, న్యాయంగా వచ్చింది. మొదటి అరగంట నెమ్మదిగా నడుస్తుంది. నాన్నగారు విసుక్కుంటే ఆపకండి, బళ్లో పిల్లాణ్ణి సెక్షన్ మార్చే దగ్గరికి వచ్చేసరికి ఆయన ముందుకు వంగి కూర్చుంటారు. హాల్లో జనం ముందుకు వంగితే మాకు సంబరంగా ఉండేది, వెనకనుంచి చూస్తే అంత స్పష్టంగా కనిపిస్తుంది.

ఇప్పుడు నటుడు శివాజీ గురించి చెప్పాలి. ఇదే నాకు ఈ రెండేళ్లలో అన్నిటికంటే ఆలోచించాల్సి వచ్చిన సంగతి.

2024 జనవరిలో ఈటీవీ విన్‌లో 90స్ - ఎ మిడిల్ క్లాస్ బయోపిక్ అనే సిరీస్ వచ్చింది. ఆరే ఎపిసోడ్లు, ఆదిత్య హాసన్ తీశాడు. శివాజీ అందులో లెక్కల మాస్టారు, ముగ్గురు పిల్లల తండ్రి. అక్కడి వస్తువు ఉప్మా. పొద్దున్నే ఆ గిన్నె మూత తీయగానే పిల్లల మొహాలు పడిపోయే తీరు చూసి మా ఇంట్లో అందరం పడీ పడీ నవ్వాం. ఉప్మా వెనక ఉన్న లెక్క మాత్రం నవ్వులాట కాదు. ఒక జీతం, ముగ్గురి ఫీజులు, ఇంటి ఖర్చు, అడిగిన ప్రతిదానికీ "చూద్దాం" అనే తండ్రి. మార్కుల చీటీ మీద సంతకం కోసం భయంభయంగా నిలబడే పిల్లవాడు. ఇంట్లో ఎవరూ ఎవరినీ ప్రేమిస్తున్నానని చెప్పరు, అయినా ప్రతి సీనులో అదే ఉంటుంది. మీ నాన్నగారు దీన్ని చూడాలి. ఆయన పక్కన మీరు కూర్చుని చూడాలి. ఇందులో బూతు లేదు, నెత్తురు లేదు, ఫోన్ పట్టుకోవాల్సిన అవసరం రాదు.

ఏడాది తర్వాత, 2025 మార్చిలో, కోర్ట్ వచ్చింది. రామ్ జగదీష్ తీశాడు, నాని సమర్పించాడు. ఇందులో కూడా శివాజీ ఇంటి పెద్దే. పేరు మంగపతి. ఇంట్లో ఆడపిల్ల ఏ బట్టలు వేసుకోవాలో, ఎవరితో మాట్లాడాలో ఆయనే తేలుస్తాడు. ఆ ఇంటి మేనకోడలు జాబిలికి పదిహేడేళ్లు. చందు అనే కుర్రాడికి పంతొమ్మిది. వాచ్‌మన్ కొడుకు, చదువు ఆగిపోయి దొరికిన పని చేసుకుంటున్నాడు. ఇద్దరూ ఇష్టపడ్డారు. మంగపతి పలుకుబడి ఉపయోగించి కుర్రాడి మీద పోక్సో కేసు, అంటే పిల్లల మీద లైంగిక నేరాలకు పెట్టే కేసు, పెట్టించాడు.

90స్‌లో ఆ తండ్రిని చూసి నేను మా నాన్నను గుర్తుచేసుకున్నాను. కోర్ట్‌లో మంగపతిని చూసి కూడా నాకు తెలిసిన ఇళ్లే గుర్తొచ్చాయి. అప్పుడు భయం వేసింది. ఇద్దరూ ఒకే మాట అంటారు: "ఇంటి పరువు". మొదటివాడికి పరువంటే పిల్లలు బాగా చదవడం, అప్పు లేకుండా బతకడం. రెండోవాడికి పరువంటే ఆడపిల్ల తన మాట జవదాటకపోవడం. రెండింటికీ మధ్య గీత చాలా సన్నం. ఒకే నటుడు ఏడాది తేడాతో ఆ గీతకు రెండు పక్కలా నిలబడి చూపించాడు. మంగపతి అరిచే సీన్ల గురించి అందరూ మాట్లాడారు. నన్ను మాత్రం అతను నింపాదిగా మాట్లాడే సీన్లే వణికించాయి. మనం శుభకార్యాల్లో ముందు వరసలో కూర్చోబెట్టే పెద్దమనిషి గొంతు అది.

ఇందులోని చిన్న వస్తువు ఒక పుట్టినతేదీ. పద్దెనిమిదికి కొన్ని నెలలు తక్కువ. ఇక్కడ చట్టం గురించి రెండు మాటలు తెలిస్తే సినిమా ఇంకా బాగా అర్థమవుతుంది. పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది, కథ జరిగేది 2013లో, విశాఖపట్నంలో. అంటే చట్టం కొత్తది, లాయర్లకే పూర్తిగా చేతికి రానిది. దాని లెక్కలో పద్దెనిమిది నిండని ప్రతివారూ పిల్లలే, ఇష్టపడి వెళ్లానని అమ్మాయి చెప్పినా ఆ మాట చెల్లదు. పైగా కొన్ని నేరాల్లో నిందితుడే తప్పు చేశాడని కోర్టు ముందుగా భావించాలని 29వ సెక్షన్ చెబుతుంది. నేను చేయలేదని నిరూపించుకోవాల్సిన భారం కుర్రాడి మీదే పడుతుంది. పసిపిల్లల మీద అఘాయిత్యాలు ఆపడానికి ఇంత గట్టి చట్టం కావాలి, అందులో నాకు రెండో మాట లేదు. అదే చట్టాన్ని ఒక పెద్దమనిషి కక్ష కోసం వాడుకుంటే ఏమవుతుందో ఈ కథ అడుగుతుంది. ప్రియదర్శి చేసిన లాయరు సూర్యతేజ కొత్తవాడు, తడబడతాడు. ఆ తడబాటు వల్లే వాదనలు నిజంగా అనిపిస్తాయి.

నా అభ్యంతరం కూడా చెప్పాలి. చివరి వాదనలో లాయరు చాలాసేపు ప్రసంగిస్తాడు. అంతదాకా సాక్షుల మాటల్లోంచే మనం అర్థం చేసుకున్నదాన్ని మళ్లీ చెబుతాడు. అక్కడ ఐదు నిమిషాలు తగ్గిస్తే బాగుండేది. ఇంకోటి, జాబిలి తరఫునుంచి కథ తక్కువగా ఉంది. జైల్లో కుర్రాడు పడే బాధ చూశాం, ఇంట్లో తాళం వెనక ఆ పిల్ల పడింది అంతగా చూడలేదు.

మీ పాపతో చూడొచ్చా అని మీకు సందేహం వస్తుంది. చూడండి, కాకపోతే పక్కన కూర్చుని చూడండి. అసభ్యంగా ఏమీ లేదు. సినిమా అయ్యాక పాప ప్రశ్నలు అడుగుతుంది. చట్టం గురించీ, ఇంట్లో భయం లేకుండా మాట్లాడటం గురించీ మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. విడుదలకు ముందు నాని వేదిక మీద, ఇది నచ్చకపోతే తన తర్వాతి సినిమా చూడొద్దన్నాడు. ఆ తర్వాతి సినిమా హిట్ 3, 2025 మే నెలలో వచ్చింది. దానికి పెద్దలకు మాత్రమే అనే 'A' సర్టిఫికెట్ ఇచ్చారు. అది మాత్రం మీ ఇంటికి కాదు. నెత్తురు చూపించిన తీరు నాకు సహించలేదు, సగం సినిమా తల తిప్పుకునే ఉన్నాను. పోలీసు కథలో దర్యాప్తు ఉండాలి. ఇందులో దర్యాప్తు కంటే నరకడం ఎక్కువైంది.

ఇక పెద్ద సినిమాలు. పుష్ప 2 గురించి అందరూ అడుగుతారు. 2024 డిసెంబరు 5న వచ్చినప్పుడే మూడు గంటల ఇరవై నిమిషాలు. జనవరిలో ఇంకో ఇరవై నిమిషాలు కలిపి వదిలారు. నా చిన్న వస్తువు లెక్క ఈ సినిమాకు కూడా సరిపోతుంది. మొదటి సగంలో కథను లాగేది ఒక ఫోటో. ముఖ్యమంత్రితో ఫోటో దిగి రమ్మని శ్రీవల్లి అడుగుతుంది. స్మగ్లర్‌తో ఫోటో ఏమిటని ఆయన కాదంటాడు. అయితే ముఖ్యమంత్రినే మార్చేస్తానంటాడు పుష్ప. భార్య అడిగిన చిన్న కోరిక, అది తీర్చలేకపోయిన మగాడి అవమానం. ఈ రెండూ ప్రతి ఇంట్లోనూ ఉన్నవే, అందుకే జనం ఊగిపోయారు. తిరుపతి గంగమ్మ జాతరలో మాతంగి వేషం సీను గురించి వేరే చెప్పక్కర్లేదు. మగవాళ్లు చీర కట్టి వేషం వేయడం ఆ జాతరలో నిజంగా ఉన్న మొక్కు. పెద్ద హీరో ఆ వేషంలో సిగ్గుపడకుండా, వేళాకోళం చేయకుండా, ఒళ్లు మరిచి ఆడటం తెలుగు తెర మీద నేను చూసిన గొప్ప సన్నివేశాల్లో ఒకటి.

ఫోటో కథ తేలిపోయాక మాత్రం సినిమాకు కొత్త ఊపిరి కావాల్సి వచ్చింది. ఎత్తుకుపోయిన అన్న కూతుర్ని కాపాడటం అప్పుడు తెచ్చారు. ఇంటిపేరు దక్కని కొడుకు బాధ మొదటి భాగం నుంచి ఉంది, దాన్నే పట్టుకుని నడిపితే సరిపోయేది. చివరికి పెళ్లింట్లో ఆ బాధ తీరే సీను బాగుంది, కానీ అక్కడికి చేరేసరికి మా అమ్మ నిద్రపోయింది. మూడున్నర గంటల సినిమాకు ఇంటర్వెల్ ఒక్కటే ఇస్తే పెద్దవాళ్లు హాల్లో కూర్చోలేరు. ఇంట్లో చూస్తే రెండు రాత్రులుగా చూడండి.

కల్కి 2898 ఏడీ పిల్లలకు చూపించండి. మొదట్లో కురుక్షేత్రం, అశ్వత్థామకు శాపం, తర్వాత ముసలి అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్ లేచి నిలబడటం, ఇవి పెద్ద తెర మీద చూడాల్సినవి. ఆ మధ్యలో గంటసేపు ప్రభాస్ పాత్ర తిరిగే తిరుగుడు నాకు పట్టలేదు. ఓజీ అభిమానుల కోసం తీసింది, పవన్ కల్యాణ్‌ను ఎలా చూడాలనుకున్నారో అలా చూపించారు. ఆయన అభిమాని కానివాళ్లకు కథలో పట్టుకోవడానికి ఏమీ దొరకదు. కుబేర మూడు గంటలు ఉన్నా నేను లేవలేదు. బిచ్చగాళ్లను బినామీలుగా వాడుకునే కథ, ధనుష్ బిచ్చగాడుగా నటించినట్టు అనిపించలేదు, అడుక్కుంటూ బతికినవాడిలాగే ఉన్నాడు. చివరి అరగంట మాత్రం సద్దుకోలేదు.

అమ్మగారు, నాన్నగారు, పాప ముగ్గురూ నవ్వుతూ చూసేది కావాలంటే సంక్రాంతికి వస్తున్నాం. 2025 సంక్రాంతికి వచ్చింది. మార్చి 1న టీవీలోనూ ఓటీటీలోనూ ఒకే రోజు వేశారు. కిడ్నాప్ కథ పల్చగా ఉంది, మొగుడు ఇద్దరాడవాళ్ల మధ్య నలగడం అనే హాస్యం మనం చాలాసార్లు చూసిందే. అయినా వెంకటేష్, ఐశ్వర్య రాజేష్ మధ్య మాటలు నిజమైన మొగుడూపెళ్లాల మాటల్లా ఉన్నాయి. రమణ గోగుల గొంతు ఇన్నేళ్ల తర్వాత వినడం నాకు పండగే. బలగానికి పాటలిచ్చిన భీమ్స్ సిసిరోలియోనే దీనికీ ఇచ్చాడు.

అందులో బుల్లిరాజు అనే పిల్లాడు ఓటీటీలో సిరీస్‌లు చూసి బూతులు నేర్చుకుంటాడు. హాలంతా నవ్వింది. నాకు నవ్వుతోపాటు ఇంకోటి గుర్తొచ్చింది. 2023లో అదే వెంకటేష్ ఉన్నాడని మా బంధువులు కుటుంబంతో కూర్చుని రానా నాయుడు పెట్టారు. పది నిమిషాల్లో ఆపేశారు, ఆ పెద్దాయన మూడు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ సిరీస్ పెద్దవాళ్ల కోసం తీసిందని ముందే రాశారు, తప్పు తీసినవాళ్లది అనను. వెంకటేష్ అంటే మనకు ముప్పై ఏళ్లుగా ఇంట్లో మనిషి, అందుకే వయసు గుర్తు ఎవరూ చూడలేదు. కాబట్టి నటుడి మొహం చూసి ఏదీ పెట్టకండి. ఓటీటీలో మొదట్లో కనిపించే U/A 16+, A లాంటి వయసు గుర్తు చూడండి. పిల్లల ప్రొఫైల్ వేరే పెట్టి తాళం నంబరు పెట్టుకోండి.

అమ్మగారి సీరియళ్ల గురించి మీరు కాస్త విసుగ్గా రాశారు. నేను కూడా ఒకప్పుడు అలాగే ఉండేవాణ్ణి. కార్తీక దీపం 2017 నుంచి 2023 దాకా నడిచింది, వెయ్యి ఎపిసోడ్లు దాటింది. ఆ కథంతా ఒక్క డీఎన్ఏ పరీక్ష మీద ఆగిపోయింది. పిల్లలు తన పిల్లలేనా అని అనుమానం ఉన్న డాక్టరు ఆ పరీక్ష చేయించుకుంటే కొద్ది రోజుల్లో తేలిపోతుంది. ఇది లోపమే. చిన్న వస్తువును అన్నేళ్లు సాగదీస్తే దానికి బరువు ఉండదు. ఒకే మొహాన్ని మూడుసార్లు దగ్గరికి లాగి చూపించడం, ప్రతి మాటకూ ఉరుము చప్పుడు, ఇవి నాకు ఇప్పటికీ నచ్చవు.

అయితే ఒకరోజు మా అమ్మను అడిగాను, ఇంత సాగదీస్తుంటే ఎందుకు చూస్తున్నావని. "ఆ పిల్ల నిజం చెబుతోంది, ఇంట్లో ఒక్కరూ నమ్మడం లేదురా" అంది. ఆ మాట విన్నాక నేను ఎగతాళి చేయలేదు. మా అమ్మ వయసు ఆడవాళ్లలో ఎంతమందికి అది సొంత అనుభవమో నాకు తెలుసు. ఏడున్నరకు ఆ సీరియల్ కథానాయిక దీప ఇంకో రోజు తట్టుకుని నిలబడిందని చూస్తే వాళ్లకు ధైర్యం. 2024లో రెండోది మొదలైంది, పేర్లు అవే, కథ వేరు. మీరు రోజూ చూడక్కర్లేదు. వారానికి ఒకరోజు ఆవిడ పక్కన కూర్చుని ఏం జరిగిందో అడగండి. సినిమాలకు ఆవిడను మీవైపు తీసుకురావడం తర్వాత తేలికవుతుంది.

నాన్నగారికి రాజకీయాలు ఇష్టమైతే 2025 ఆగస్టులో సోనీ లివ్‌లో వచ్చిన మయసభ పెట్టండి. దేవా కట్టా తీశారు, తొమ్మిది ఎపిసోడ్లు. ఇద్దరు స్నేహితులు ప్రత్యర్థులు ఎలా అయ్యారన్నది కథ. పాత్రలు ఎవరిని పోలి ఉన్నాయో నాన్నగారు మొదటి పావుగంటలోనే చెప్పేస్తారు. ఆది పినిశెట్టి పాత్రకు నత్తి ఉంటుంది. మాట పెగలని కుర్రాడు జనాన్ని నడిపే నాయకుడు ఎలా అవుతాడన్న ఆ ఒక్క విషయం నన్ను చివరిదాకా కూర్చోబెట్టింది. చరిత్రగా మాత్రం దీన్ని తీసుకోవద్దు, కల్పన చాలా కలిపారు. కొన్నిచోట్ల పెద్దలకే తగిన మాటలు, సీన్లు ఉన్నాయి, పాప లేనప్పుడు చూడండి.

పాపకు నచ్చేది లిటిల్ హార్ట్స్. 2025 సెప్టెంబరులో చిన్న ఖర్చుతో వచ్చి పెద్ద సినిమాల మధ్య నిలబడింది. 90స్‌లో పెద్ద కొడుకుగా చేసిన మౌళి ఇందులో ఎంసెట్ పోయి లాంగ్ టర్మ్ కోచింగ్‌కు వెళ్లే కుర్రాడు. ర్యాంకు రాని పిల్లలను మనుషులుగా చూసిన కథ. తండ్రిగా రాజీవ్ కనకాల కోప్పడే సీన్లకు నాన్నగారు కూడా నవ్వుతారు. కోచింగ్ గదుల్లో పిల్లలు మాట్లాడుకునే భాష అలాగే ఉంది. చదువు పోతే జీవితం పోదన్న మాట ఎక్కడా ఉపన్యాసంగా చెప్పలేదు, అందుకే నచ్చింది.

రివ్యూల సంగతి అడిగారు. మొదటి రోజు వచ్చే వాటిలో నక్షత్రాలు చూడకండి. ఏ సీను ఎందుకు పట్టుకుందో, ఎక్కడ జారిందో పేరుపెట్టి చెప్పినవాణ్ణి నమ్మండి. "విజువల్స్ అదుర్స్, బీజీఎం పూనకాలు" అని మాత్రమే రాసినవాడు ఏ సినిమాకైనా అదే రాస్తాడు. పెద్ద సినిమాలకు మొదటి వారం టికెట్ రేటు పెంచుకోవడానికి ప్రభుత్వాలు అనుమతి ఇస్తుంటాయి, కాబట్టి నలుగురు వెళ్లేటప్పుడు రెండో వారం దాకా ఆగితే డబ్బూ మిగులుతుంది, నిజమైన మాటా బయటికి వస్తుంది. మా హాల్లో సినిమా బాగుందో లేదో రెండో సోమవారం మ్యాట్నీకి తెలిసేది. ఆ రోజు వచ్చినవాళ్లు ఎవరూ పోస్టరు చూసి వచ్చినవాళ్లు కాదు, పక్కింటివాళ్లు చెబితే వచ్చినవాళ్లు.

ఈ శనివారం 35తో మొదలుపెట్టండి. ఫోన్లన్నీ వంటింట్లో పెట్టి, ఇంటర్వెల్ దగ్గర పది నిమిషాలు ఆపి, అందరికీ టీ ఇచ్చి మళ్లీ కూర్చోండి. బలగం మాత్రం అమ్మగారి పుట్టింటివాళ్లు ఎవరైనా వచ్చి ఉన్న రోజు పెట్టండి.